విపత్తు పోయాక ఒంట్లో మిగిలే భయం

ప్రాణం పోతుందనే క్షణాన్ని దగ్గరగా చూసిన మనిషిని ఆ తర్వాత చాలాకాలం పాటు ఒంట్లో కొన్ని బాధలు వెంటాడతాయి. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఊపిరి చాలనట్టు ఉంటుంది. చేతులు వణుకుతాయి, అరచేతులు చెమర్చి చల్లబడతాయి. కడుపులో దేవినట్టు అవుతుంది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం, మెడా భుజాలూ పట్టేయడం, ఎంత పడుకున్నా నీరసం తీరకపోవడం కూడా ఈ కోవలోవే. వరద, తుపాను, పేలుడు, రోడ్డు ప్రమాదం, హింస, కళ్లెదుటే అయినవాళ్ల మరణం లాంటివి మనసుకు చేసే గాయాన్ని వైద్యులు ట్రామా అంటారు. ఆ గాయం నుంచి పుట్టే ఆందోళనకు ఇవి శరీర లక్షణాలు.

ఇవి కల్పించుకున్న బాధలు కావు. గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు నిజంగానే బిగుసుకుంటాయి. కాకపోతే కారణం గుండెలోనో కడుపులోనో ఉండదు, ప్రమాదాన్ని పసిగట్టే మెదడు వ్యవస్థలో ఉంటుంది. గుండెకు ఈసీజీ, కడుపుకు గ్యాస్ మాత్ర, నీరసానికి సెలైన్ అంటూ ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగినా చాలామందికి ఊరట దొరకనిది అందుకే. అసలు సంగతి తెలుసుకుని, కొన్ని అభ్యాసాలు నేర్చుకుని, అవసరమైతే సరైన చికిత్స తీసుకుంటే ఈ లక్షణాలను అదుపులోకి తెచ్చుకోవచ్చు.

కోనసీమ పడ్డ దెబ్బలు

గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న కోనసీమకు ఈ విషయం దూరపుది కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించి లంకలనూ గట్ల వెంబడి ఊళ్లనూ ముంచెత్తింది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ 19వ నంబరు బావిలో గ్యాస్ ఎగదన్ని అంటుకుంది. ఆ మంట మార్చి 15 దాకా, దాదాపు 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల జనం ఇళ్లు ఖాళీ చేసి పోవలసి వచ్చింది. ‘బ్లోఔట్’ అనే మాట అక్కడి పిల్లల నోట కూడా మామూలు మాటైపోయింది.

ఆ మరుసటి ఏడాది 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు, కొందరి ఆచూకీ ఎప్పటికీ తెలియలేదు. తరతరాలుగా పెంచుకున్న కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి లీకైన గ్యాస్ ఇళ్ల మధ్య పరచుకుని, నిప్పు తగలగానే భగ్గుమంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లూ, దుకాణాలూ, కొబ్బరి చెట్లూ కాలిపోయాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద మళ్లీ 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంక గ్రామాల వాళ్లు రోజుల తరబడి నీళ్ల మధ్యే ఉండిపోయారు.

ఇలాంటి ఘటన తర్వాత కాలిన గాయాలకు కట్టు కడతారు, చనిపోయినవాళ్లకు పరిహారం లెక్క కడతారు. బతికి బయటపడ్డ మనిషికి ఆరు నెలల తర్వాత అర్ధరాత్రి వచ్చే గుండెదడ ఏ లెక్కలోకీ రాదు. అది విపత్తు తాలూకుదేనని ఆ మనిషికీ తోచదు. ‘గాభరాగా ఉందండీ’, ‘గుండె లాగేస్తోందండీ’ అంటూ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళతారు. బీపీ చూసి, ఒక ఇంజెక్షన్ చేసి, నరాల బలహీనత అని చెప్పి పంపడం మామూలు. ఆ పూటకు ఊరట ఉంటుంది, పది రోజులకు మళ్లీ అదే.

గాయం మనసుకైనా లక్షణం ఒంట్లో కనబడటం ఒక్క కోనసీమలోనే కాదు. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన సైనికుల్లో గుండెదడ, ఆయాసం, ఛాతీ నొప్పి ఉండి గుండె జబ్బు మాత్రం కనబడని వాళ్లను జేకబ్ డకోస్టా అనే వైద్యుడు పరిశీలించి 1871లో ప్రచురించాడు. అప్పట్లో దాన్ని గుండె వ్యాధిగానే భావించారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇలాంటివాళ్లు వేల సంఖ్యలో కనిపించారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల గ్రంథంలో చేర్చాక పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అనే పేరు స్థిరపడింది. సైనికులకే కాక ప్రకృతి విపత్తులు, ప్రమాదాలు, అత్యాచారాలకు గురైనవాళ్లకూ ఇది వస్తుందని ఆ తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

ఒంట్లో జరిగేది ఏమిటి?

మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని కనిపెట్టే పనిలో ఉంటుంది. కన్ను, చెవి, ముక్కు అందించిన సమాచారంలో ముప్పు వాసన తగిలితే చాలు, మనిషి ఆలోచించేలోపే అది హెచ్చరిక పంపుతుంది. ఆ సంకేతం హైపోథాలమస్ ద్వారా మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకు చేరుతుంది. అవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి, కాసేపటికి కార్టిసాల్ కూడా పెరుగుతుంది. గుండె వేగం, రక్తపోటు, శ్వాస, కండరాల బిగువు పెరుగుతాయి. తిండి అరిగించే పని పక్కకు పోతుంది. పోరాడటానికో పారిపోవడానికో శరీరం సిద్ధమైందన్నమాట. ఆ రెండూ వీలుకానప్పుడు కొందరు కదల్లేక కొయ్యబారిపోతారు. అది పిరికితనం కాదు, అదీ శరీరం తనను తాను కాపాడుకునే పద్ధతే.

ముప్పు తొలగిపోయాక వేగస్ నాడి ముఖ్యపాత్ర వహించే పారాసింపథెటిక్ వ్యవస్థ గుండెను నెమ్మదింపజేసి ఒంటిని మామూలు స్థితికి తెస్తుంది. ట్రామా తర్వాత కొందరిలో ఈ సర్దుబాటు జరగదు. వరద తీసి ఊరు ఎండినా దిగకుండా, గట్టు మీద నిలబడి అదే కేక వేస్తుండే కాపలావాడి పరిస్థితి మెదడుది. ముప్పును పోలిన చిన్న గుర్తు కనబడినా హెచ్చరిక మోగుతుంది, ఒళ్లంతా దానికి స్పందిస్తుంది.

ఒక్కో లక్షణానికీ విడిగా కారణం ఉంది. అడ్రినలిన్ వల్ల గుండె దడ, చేతుల వణుకు, చెమటలు వస్తాయి. చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల చేతులూ కాళ్లూ చల్లబడతాయి. పేగుల కదలిక అస్తవ్యస్తం కావడం వల్ల కడుపులో వికారం, విరేచనాలు, ఆకలి లేకపోవడం ఉంటాయి. గంటల తరబడి బిగుసుకుని ఉన్న కండరాలు తలనొప్పిగా, మెడనొప్పిగా, దవడ నొప్పిగా తేలతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టేది ఊపిరి అందకపోవడం. ఆ సమయంలో నిజానికి మనిషి అవసరానికి మించి గాలి పీలుస్తుంటాడు. వేగంగా పీల్చి వదలడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంత ముడుచుకుని కళ్లు తిరుగుతాయి. రక్తంలో ఆమ్ల క్షార సమతూకం మారడం వల్ల పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి పడుతుంది, ఒక్కోసారి వేళ్లు వంకరపోతాయి. ఛాతీ కండరాలు అలసి గుండె దగ్గర పట్టేసినట్టు ఉంటుంది. ఇవన్నీ చూసి మనిషి ఇంకా భయపడతాడు, ఇంకా వేగంగా ఊపిరి తీస్తాడు. ఈ ఉద్ధృతి సాధారణంగా పది నిమిషాల్లోపు పతాక స్థాయికి చేరి, అక్కడి నుంచి తగ్గుముఖం పడుతుంది. ఈ ఒక్క విషయం తెలిసి ఉండటమే సగం ధైర్యం.

దేనికి రేగుతుంది?

భయాన్ని తిరిగి రేపే గుర్తు చాలాసార్లు అతి మామూలుగా ఉంటుంది. గ్యాస్ పేలుడును చూసిన ఇల్లాలి విషయమే తీసుకుంటే, పొద్దున్నే వంటింట్లోకి వెళ్లి రెగ్యులేటర్ తిప్పగానే ముక్కుకు తగిలే కొద్దిపాటి వాసన, లైటర్ నొక్కగానే బర్నర్ మీద భుగ్గుమనే చప్పుడు ఆమె ఒంట్లో అగ్గి పుట్టించడానికి చాలు. చెయ్యి వణికి గిన్నె జారుతుంది. స్టవ్ కట్టేసి వీధిలోకి వచ్చి నిలబడుతుంది. తుపాను చూసినవాళ్లకు కొబ్బరి మట్టలు ఈదురుగాలికి కొట్టుకునే చప్పుడు, రేకులు ఎగిరిపడే మోత అలాంటివే. వరద చూసినవాళ్లను రాత్రిపూట నీళ్ల హోరు నిద్ర లేపుతుంది.

గోదావరి తీరంలో ఏటా ఆగస్టు వచ్చేసరికి టీవీలో ధవళేశ్వరం హెచ్చరికలు మొదలవుతాయి. పది లక్షల క్యూసెక్కులకు ఒకటో ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఆ అంకెలు పెరుగుతున్న కొద్దీ కొందరికి తిండి సహించదు, కాళ్లలో సత్తువ ఉండదు. విపత్తు జరిగిన తేదీ, చనిపోయినవాళ్ల సంవత్సరీకం దగ్గర పడినప్పుడు కూడా కారణం తోచని గుబులు పుట్టడం మామూలే.

తనలో భయాన్ని ఏవి రేపుతున్నాయో గుర్తుపట్టడం కోలుకోవడంలో తొలి మెట్టు. ఒక నోటుపుస్తకంలో దడ వచ్చిన వేళ, అంతకు ముందు చూసిందీ విన్నదీ, ఎంతసేపు ఉన్నదీ రాసుకుంటే రెండు మూడు వారాల్లో ఒక క్రమం కనిపిస్తుంది. ఊరికే వచ్చిందనుకున్న దడకు ఒక కారణం దొరుకుతుంది. కారణం తెలిసిన భయానికి బలం తగ్గుతుంది.

ముందుగా తేల్చుకోవలసింది

గుండెదడలన్నీ ఆందోళనవే అనుకోవడం ప్రమాదం. ఛాతీ మధ్య బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, శ్రమపడ్డప్పుడు నొప్పి పెరగడం, చల్లని చెమటలతో వాంతులు, స్పృహ తప్పడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం ఉంటే 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి చేరాలి. నలభై ఏళ్లు దాటినవాళ్లూ, షుగరు, బీపీ ఉన్నవాళ్లూ, పొగ తాగేవాళ్లూ తొలిసారి వచ్చిన ఛాతీ నొప్పిని ఇంట్లో కూర్చుని అంచనా వేసుకోకూడదు.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తహీనత, షుగరు పడిపోవడం, ఉబ్బసం, గుండె లయ తప్పడం కూడా ఇలాంటి లక్షణాలనే చూపిస్తాయి. అందువల్ల ఒకసారి వైద్యుడి దగ్గర పూర్తిగా చూపించుకుని, ఆయన సూచించిన ఈసీజీ, రక్త పరీక్షలు చేయించుకోవాలి. ఆ సందర్భంలో తాను చూసిన విపత్తు గురించి వైద్యుడికి ఒక్క మాట చెప్పడం మరవకూడదు. అడగనిదే చాలామంది చెప్పరు, చెప్పనిదే వైద్యుడికి తెలియదు. పరీక్షల్లో అంతా బాగుందని తేలాక దడ వచ్చిన ప్రతిసారీ మళ్లీ ఈసీజీ తీయించుకుంటే డబ్బూ పోతుంది, అనుమానమూ ముదురుతుంది.

దడ వచ్చిన వేళ

ఉపశమనానికి అన్నిటికన్నా చేరువగా ఉన్న దారి శ్వాస. గుండె వేగాన్ని మనిషి నేరుగా తగ్గించలేడు, ఊపిరి వేగాన్ని తగ్గించగలడు. ఊపిరి నెమ్మదిగా వదులుతున్నప్పుడు వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె నెమ్మదిస్తుంది. వీపు ఆనించి కూర్చుని, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోవాలి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టే వరకు గాలి పీల్చాలి, పొట్ట పైకి లేవాలి. ఆరు లెక్కపెట్టే వరకు మెల్లగా వదలాలి. ఇలా అయిదు నిమిషాలు చేయాలి. బలవంతంగా గుండెల నిండా పీల్చకూడదు, అది తిమ్మిరిని పెంచుతుంది. కాగితపు సంచిలో ఊపిరి తీసుకునే పాత పద్ధతి ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదకరం కాబట్టి మానుకోవాలి. దడ లేనప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సాధన చేసినవాళ్లకే ఇది దడ వచ్చిన వేళ పనికొస్తుంది.

నీళ్లలో మునిగి బయటపడినవాళ్లకూ, పొగలో ఉక్కిరిబిక్కిరైనవాళ్లకూ శ్వాస మీద దృష్టి పెట్టడమే భయాన్ని పెంచవచ్చు. అలాంటివాళ్లు కళ్లు తెరిచే ఉంచి, దృష్టిని బయటికి మళ్లించాలి. రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించాలి. చుట్టూ కనిపిస్తున్న అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పాలి. తాకగలిగే నాలుగింటిని తాకాలి. వినిపించే మూడు శబ్దాలను, తెలిసే రెండు వాసనలను, నాలుకకు తగిలే ఒక రుచిని గుర్తించాలి. చన్నీళ్లతో ముఖం కడుక్కోవడం, ఇవాళ ఏ తేదీయో, తానెక్కడ ఉన్నదీ గట్టిగా చెప్పుకోవడం మనసును గడిచిపోయిన రాత్రి నుంచి ఇప్పటి క్షణానికి తీసుకొస్తాయి.

కండరాల బిగువుకు ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా వైద్యుడు గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో రూపొందించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. పాదాలతో మొదలుపెట్టి పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, ముఖం వరకు ఒక్కో భాగాన్ని అయిదు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలి, పది పదిహేను సెకన్లు ఆ సడలింపును గమనించాలి. గాయాలూ నొప్పులూ ఉన్న భాగాన్ని విడిచిపెట్టవచ్చు. పడుకునే ముందు పావుగంట దీనికి కేటాయిస్తే నిద్ర కూడా మెరుగుపడుతుంది.

వీటన్నిటిలో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. దడను వెంటనే ఆపేయాలన్న పంతం దాన్ని పెంచుతుంది. ఇది ఆందోళన, ఇంతకుముందూ వచ్చింది, వచ్చినట్టే తగ్గిపోయింది అని చెప్పుకుని, అది తగ్గేదాకా శరీరానికి తోడుండటమే ఈ పద్ధతుల ఉద్దేశం.

రోజువారీ అలవాట్లు

అలజడిగా ఉన్న నాడీ వ్యవస్థకు రోజులో ఒక క్రమం మందులా పనిచేస్తుంది. రాత్రి నిద్ర ఎప్పుడు పట్టినా పొద్దున ఒకే వేళకు లేవాలి. పగటి నిద్ర అరగంట దాటకూడదు. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానితే దడ, నిద్రలేమి రెండూ తగ్గుతాయి, ఎందుకంటే కెఫీన్ కూడా అడ్రినలిన్ చేసే పనే చేస్తుంది. రోజూ అరగంట చెమట పట్టేలా నడిచినా, సైకిల్ తొక్కినా గుండె వేగం పెరగడమూ తగ్గడమూ మామూలు విషయమేనని ఒంటికి తెలిసివస్తుంది.

మగవాళ్లలో చాలామంది నిద్ర కోసం మద్యానికి అలవాటు పడతారు. మొదటి గంట మత్తు వచ్చినా తెల్లవారుజామున మెలకువ, చెడ్డ కలలు, మరునాడు రెట్టింపు వణుకు తప్పవు. పొగాకు కూడా గుండె వేగాన్ని పెంచేదే. ఫోన్‌లో పేలుళ్లు, వరదల వీడియోలు మళ్లీ మళ్లీ చూడటం మెదడుకు ఆ ఘటనను మళ్లీ చూపించడమే అవుతుంది.

ముప్పు నిజంగానే ఏటా వచ్చే చోట ధైర్యం మాటలతో రాదు, ఏర్పాట్లతో వస్తుంది. లంకల్లో ఉండేవాళ్లు వానాకాలానికి ముందే ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవడం, పదిహేను రోజుల మందులు సర్దుకోవడం, పునరావాస కేంద్రం ఎక్కడో, అక్కడికి చేరేది పడవలోనో ట్రాక్టరు మీదో ముందే తేల్చుకోవడం మేలు. వరద కబురు రోజుకు రెండుసార్లు అధికారిక ప్రకటనలో చూసి టీవీ కట్టేయాలి. చేయవలసింది చేసేశామన్న తృప్తి ఉన్న ఒంట్లో హెచ్చరిక తక్కువసార్లు మోగుతుంది.

తప్పించుకు తిరగడం వల్ల నష్టం

భయం రేపే చోటికి వెళ్లకుండా ఉంటే ఆ పూటకు హాయిగానే ఉంటుంది. కానీ తప్పించుకున్న ప్రతిసారీ ఆ చోటు నిజంగానే ప్రమాదమని మెదడు మరింత గట్టిగా నమ్ముతుంది. మొదట వంటింట్లోకి పోలేరు, తర్వాత గ్యాస్ సిలిండర్ ఉన్న ఏ ఇంటికీ పోలేరు, చివరికి గడప దాటలేరు.

దీనికి విరుగుడు మెట్లు మెట్లుగా దగ్గరవడం. పైన చెప్పిన ఇల్లాలు మొదటి వారం మరొకరు స్టవ్ వెలిగిస్తుండగా గుమ్మం దగ్గర కూర్చోవచ్చు. దడ పుట్టినా లేచి వెళ్లిపోకుండా, అది సగానికి తగ్గేదాకా అక్కడే ఉండాలి. రెండో వారం స్టవ్ పక్కన నిలబడవచ్చు. ఆ తర్వాత తోడుండగా తానే వెలిగించడం, చివరికి ఒంటరిగా వెలిగించడం. ప్రతి మెట్టునూ దడ బాగా తగ్గేదాకా చేసి, అప్పుడు పై మెట్టుకు వెళ్లాలి. గొట్టం, రెగ్యులేటర్ సరిగా ఉన్నాయో లేదో ముందు చూసుకోవడం అవసరమే. నిజమైన జాగ్రత్త ఒకసారి చూసుకోవడంతో ముగుస్తుంది, భయం పదిసార్లు చూసుకున్నా ముగియదు. లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్లు ఈ పద్ధతిని నిపుణుల తోడుతోనే మొదలుపెట్టాలి.

చికిత్స

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం సుమారు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ట్రామా కలిగించగల ఘటనకు లోనవుతారు. వాళ్లలో పీటీఎస్‌డీ వచ్చేది 5.6 శాతం మందికి. తొలి వారాల్లో దడ, నిద్రలేమి, ఉలికిపాటు దాదాపు అందరికీ ఉన్నా, ఇంటివాళ్ల అండ, తిండి, గూడు, పని దొరికితే చాలామందిలో అవే సర్దుకుంటాయి. నెల దాటాక కూడా తగ్గకపోయినా, పనికి వెళ్లలేకపోతున్నా, ఆ ఘటన మళ్లీ జరుగుతున్నట్టే అనిపిస్తున్నా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవాలి.

చికిత్సల్లో మాటల ద్వారా చేసేవే ముందు వరసలో ఉన్నాయి. ట్రామా మీద దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో జరిగినదాన్ని సురక్షితమైన చోట, నిపుణుల సమక్షంలో కొంచెం కొంచెంగా తలుచుకుంటారు. దానితో ముడిపడ్డ తప్పుడు నిందలను, ‘నేను తలుపు తీసి ఉంటే బతికేవాడు’ లాంటివాటిని సరిచూసుకుంటారు. ఫ్రాన్సిన్ షపీరో 1987లో మొదలుపెట్టిన ఈఎండీఆర్ అనే పద్ధతిలో కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కొంటారు. ఈ రెండింటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం ఉంది.

మందుల్లో సెర్ట్రలిన్, పరాక్సిటిన్ లాంటివి ఎక్కువగా వాడతారు. ఇవి పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కడుపులో వికారం ఉండవచ్చు. తగ్గింది కదా అని చెప్పకుండా ఆపేస్తే తల తిరగడం, చిరాకు వస్తాయి కాబట్టి వైద్యుడు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. దడ, వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. అల్‌ప్రజోలం, డయాజిపాం లాంటి నిద్రమాత్రలను మందుల షాపులో అడిగి తెచ్చుకోవడం పెద్ద పొరపాటు. ట్రామా జరిగిన తొలి నెలలో ఈ రకం మాత్రలు ఇవ్వవద్దని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. వీటికి అలవాటు పడటం తేలిక, మానడం కష్టం.

తాయెత్తు కట్టించుకోవడం, దిష్టి తీయించుకోవడం, గుడికో చర్చికో దర్గాకో వెళ్లడం మనసుకు ధైర్యమిస్తే మానుకోనక్కర్లేదు. వాటి కోసం చికిత్స మాత్రం ఆగకూడదు.

పిల్లలు, పెద్దవాళ్లు

పిల్లలు భయాన్ని మాటల్లో చెప్పలేరు. బడికి బయల్దేరే వేళకు కడుపునొప్పి, తలనొప్పి, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవడం, అమ్మను వదలకపోవడం, అదే ప్రమాదాన్ని ఆటలో మళ్లీ మళ్లీ ఆడటం వాళ్లలో లక్షణాలు. పిరికివాడని వెక్కిరించకూడదు, కొట్టి బడికి పంపకూడదు. ఏం జరిగిందో వాళ్ల వయసుకు తగ్గట్టు నిజం చెప్పాలి. పడుకునే వేళా తినే వేళా బడి వేళా మునుపటిలా ఉంచితే చాలామంది పిల్లలు తొందరగా తేరుకుంటారు.

ముసలివాళ్లు మనసు బాధను కీళ్లనొప్పులుగా, అజీర్తిగా, నీరసంగా చెబుతారు. ‘ఈ వయసులో మామూలే’ అని తోసిపుచ్చితే అసలు బాధ అలాగే ఉండిపోతుంది. శవం కూడా దొరకని వాళ్ల కుటుంబాల్లో దుఃఖం మరీ ముదురుతుంది. కర్మకాండ జరిపించాలో ఎదురుచూడాలో తెలియని స్థితి ఏళ్ల తరబడి ఒంటిని పీడిస్తుంది.

ఇంట్లోవాళ్లు చేయవలసింది

దడ వచ్చిన మనిషి దగ్గర కంగారు పడకుండా కూర్చోవాలి. చుట్టూ జనం మూగకుండా చూడాలి. చెయ్యి పట్టుకోవచ్చా అని అడిగి పట్టుకోవాలి. ఆ మనిషితో పాటు తామూ నెమ్మదిగా ఊపిరి వదులుతూ లెక్కపెట్టాలి. ‘ఏం లేదు, ఊరికే ఊహించుకుంటున్నావు’ అనే మాట గాయపరుస్తుంది. ‘ఇది తగ్గుతుంది, నేను ఇక్కడే ఉన్నాను’ అనే మాట పనిచేస్తుంది. వెనక నుంచి వచ్చి భుజం తట్టడం, గట్టిగా తలుపు వేయడం, సరదాకి ఉలిక్కిపడేలా చేయడం మానాలి.

జరిగిందంతా చెప్పమని ఒత్తిడి చేయడం మంచిది కాదు. విపత్తు జరిగిన వెంటనే బాధితుల చేత అంతా ఒకేసారి చెప్పించే సమావేశాల వల్ల మేలు లేదనీ, కొందరికి హాని కూడా జరగవచ్చనీ పరిశోధనలు తేల్చాయి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో మూడే పనులున్నాయి: పరిస్థితిని చూడటం, చెప్పినంత వరకు వినడం, కావలసిన సాయంతో కలపడం. ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయులు, సచివాలయ సిబ్బంది, డ్వాక్రా మహిళలు కూడా నేర్చుకోదగ్గ పనులివి. విపత్తుల్లో మానసిక సాయంపై జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2009లోనే మార్గదర్శకాలు విడుదల చేసింది. బియ్యంతో, టార్పాలిన్లతో పాటు ఈ సాయం కూడా పునరావాస కేంద్రానికి చేరాలి.

సాయం దొరికే చోట్లు

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఇరవై నాలుగు గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక వైద్యుడిని కలవడానికి అమలాపురం వెళ్లలేని లంక గ్రామాల వాళ్లకు ఇది మొదటి మెట్టుగా ఉపయోగపడుతుంది. అమలాపురంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో, కిమ్స్ వైద్య కళాశాల ఆసుపత్రిలో, రాజోలు, కొత్తపేట ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదట శరీర పరీక్షలు చేయించుకుని, మానసిక వైద్య విభాగానికి ఎక్కడికి వెళ్లాలో అక్కడే అడగవచ్చు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పెద్ద కేంద్రాలు.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో నడిచే సేవల నుంచి మానసిక వైద్యం పొందడం ప్రతి పౌరుడి హక్కు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా వర్తింపజేయాలి.

కోలుకోవడం ఒక్క గీతలో సాగదు. నెల రోజులు బాగుండి, ఒక గాలివాన రాత్రి మళ్లీ దడ రావచ్చు. అంతమాత్రాన మొదటికి వచ్చినట్టు కాదు. ఒక దడకూ మరో దడకూ మధ్య వ్యవధి పెరగడం, వచ్చినా త్వరగా తగ్గడం, వచ్చిన రోజు కూడా పని ఆగకపోవడం కోలుకుంటున్నారనడానికి గుర్తులు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా చేస్తున్న అభ్యాసాన్నీ, వాడుతున్న మందునూ వైద్యుడు చెప్పేదాకా కొనసాగించాలి.